కనిపించని గాయానికి సాక్షి ఎవరు?

విరిగిన చేతికి ఉన్న మర్యాద బెదిరిన మనసుకి లేదు మన ఇళ్ళల్లో. చేతికి కట్టు కట్టించుకుని వచ్చిన మనిషికి కుర్చీ వేస్తాం, వేడిగా పాలు కలిపిస్తాం, "పని ముట్టుకోకు" అని ప్రేమగా కసురుతాం. అదే, ఏదో ఘోరం కళ్ళారా చూసి వచ్చిన మనిషి రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తూంటే, తలుపు చప్పుడికి వణికిపోతూంటే, కన్నబిడ్డ ఒళ్ళో ఉన్నా చూపు మరెక్కడో ఉంటే, మొదటి వారం "పాపం, దడుచుకున్నాడు" అంటాం. రెండో నెలలో "ఇంకా ఎన్నాళ్ళు?" అంటాం. ఏడాది తిరిగేసరికి "ఒంట్లో రోగమేం లేదు, ఒళ్ళు వంగక" అని తీర్పు చెప్పేస్తాం. కట్టు కనబడకపోవడమే ఆ మనిషి చేసిన నేరం!

ఈ దడుపుకి డాక్టర్లు పెట్టిన పేరు పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్. పొట్టిగా పి.టి.ఎస్.డి. ప్రాణం మీదికొచ్చిన సంఘటన ఎప్పుడో ముగిసిపోయినా, మనిషి లోపల అది ముగియదు. పిలవకుండానే జ్ఞాపకం వచ్చి మీద పడుతుంది. దాన్ని గుర్తుచేసే చోటికీ మాటకీ మనిషి దూరంగా పారిపోతాడు. ప్రేమా దుఃఖమూ మొద్దుబారిపోతాయి. చిన్న శబ్దానికి ఒళ్ళంతా కాపలాదారు అయిపోతుంది. ఈ పేరు అమెరికన్ మనోవైద్యుల ప్రామాణిక గ్రంథంలోకి ఎక్కింది 1980లో. వియత్నాం యుద్ధం నించి తిరిగొచ్చిన సైనికులూ, వాళ్ళ తరఫున నిలబడ్డ డాక్టర్లూ గట్టిగా పట్టుబట్టిన మీదట ఎక్కింది. ఊరికే పేరు కోసం కాదు ఆ పట్టు. పేరు లేని జబ్బుకి వైద్యమూ సరిగా ఉండదు, పింఛను అసలే ఉండదు.

వైద్యుల పుస్తకం కంటే అరవై ఏళ్ళ ముందే నవలలు ఈ జబ్బుని చూశాయి. చూసినవాళ్ళల్లో ఆడవాళ్ళు ముందున్నారు. అలాంటి మూడు నవలలు నా ముందున్నాయి. వీటి గురించి పండితులు రాసినది కొండంత ఉంది. శిల్పం గురించీ చైతన్యస్రవంతి గురించీ చర్చించే ఓపిక నాకు లేదు. నేను అడగదలుచుకున్నది వంటింటి ప్రశ్న. ఆ మనిషికి జబ్బు చేసింది. సరే. ఇల్లు ఎలా గడిచింది? అది జబ్బే అని పదిమందినీ నమ్మించే పని ఎవరి నెత్తిన పడింది?

మొదటిది రెబెక్కా వెస్ట్ రాసిన 'ద రిటర్న్ ఆఫ్ ద సోల్జర్'. మొదటి ప్రపంచ యుద్ధం ఇంకా నడుస్తూండగానే, 1918లో వచ్చింది. అప్పటికి ఆవిడకి పాతికేళ్ళు. క్రిస్ అనే శ్రీమంతుడు యుద్ధంలో దెబ్బతిని గడిచిన పదిహేనేళ్ళూ మరిచిపోతాడు. భార్య కిట్టీని గుర్తుపట్టడు. పడుచుతనంలో ప్రేమించిన మార్గరెట్ మాత్రమే గుర్తు. ఈ వార్త మోసుకుని ఆ మార్గరెట్టే పెద్ద బంగళాకి వస్తుంది. ఇప్పుడు ఆమె ఇంకొకరి ఇల్లాలు. చవకరకం వానకోటు, వెలిసిపోయిన మొహం. ఆమెని చూడగానే కిట్టీకి వచ్చిన మొదటి ఆలోచన ఏమిటో తెలుసా? ఈవిడ కథ అల్లి డబ్బు గుంజుకోవడానికి వచ్చిందని!

ఈ ఒక్క ఘట్టం చాలు, వెస్ట్‌కి దణ్ణం పెట్టడానికి. కనిపించని గాయం గురించి ఎవరైనా నోరు విప్పితే, అందులోనూ చెప్పే మనిషి బీదగా కనబడితే, వినేవాళ్ళకి ముందు కలిగేది జాలి కాదు, అనుమానం. "డబ్బు కోసమే" అన్న అనుమానం. ఆ తరవాత వచ్చిన పింఛను ఆఫీసులన్నింటి గుమ్మంలోనూ ఆ కిట్టీయే కూచుని ఉందనిపిస్తుంది నాకు. అయితే ఈ నవలకి ఒక సౌకర్యం ఉంది. క్రిస్ ధనవంతుడు. జబ్బు చేసినా తోట వాడిపోదు, నౌకర్లకి జీతాలు ఆగవు. ఆఖరికి అతనికి జ్ఞాపకం తెప్పిస్తారు. నయమైందని కిట్టీ మురిసిపోతుంది. నయమైతే మళ్ళీ యుద్ధానికి వెళ్ళాలి కదా అన్న సంగతి తక్కిన ఇద్దరాడవాళ్ళకీ కడుపులో దేవుతుంది. మంచి నవల. కాని బియ్యం డబ్బాలో చెయ్యి పెట్టి చూసుకోవలసిన అవసరం అందులో ఎవరికీ రాలేదు.

ఆ అవసరం వచ్చిన ఇల్లు వర్జీనియా ఊల్ఫ్ 'మిసెస్ డాలొవే'లో ఉంది. ఈ నవల 1925లో వచ్చింది. అప్పటికి ఊల్ఫ్‌కి నలభై మూడేళ్ళు. తనే మతి చెదిరి మంచం పట్టి, "విశ్రాంతి, పాలు, మాట్లాడకు" అనే డాక్టర్ల చేతుల్లో నలిగిన మనిషి. కథంతా 1923 జూన్‌లో ఒక్కరోజు లండన్‌లో జరుగుతుంది. పార్లమెంటు సభ్యుడి భార్య క్లారిస్సా డాలొవే సాయంత్రం విందు ఏర్పాట్లలో ఉంటుంది. అదే ఊళ్ళో అదే రోజున సెప్టిమస్ వారెన్ స్మిత్ అనే మాజీ సైనికుడు నలిగిపోతూంటాడు. వీళ్ళిద్దరూ ఒకరినొకరు చూడనే చూడరు.

సెప్టిమస్ గుమాస్తా. యుద్ధం రాగానే అందరికంటే ముందు పేరిచ్చినవాళ్ళల్లో ఒకడు. యుద్ధం ఇక ముగుస్తుందనగా అతని ఆప్తుడు, పై అధికారి ఎవాన్స్ చనిపోయాడు. సెప్టిమస్‌కి ఏడుపు రాలేదు. "ఎంత నిబ్బరంగా ఉన్నాను!" అని సంతోషించాడు కూడా. ఆ నిబ్బరమే రోగమని తరవాత తెలిసింది. ఏమీ అనిపించకపోవడం అనే భయం పట్టుకుంది. ఆ భయంలోనే, ఇటలీలో తనకి బస ఇచ్చిన ఇంటి అమ్మాయి రెజియాని పెళ్ళాడి లండన్ తీసుకొచ్చాడు. టోపీలు కుట్టే పిల్ల. ఊరు కాని ఊరు, భాష కాని భాష. నా అనేవాళ్ళు లేరు. మొగుడు పార్కులో కూచుని చనిపోయిన ఎవాన్స్‌తో మాట్లాడుతూంటే, దారినపోయేవాళ్ళు చూస్తున్నారేమో అని చూపులు దాచుకోవడం ఆ పిల్ల పని.

ఈ మాట మనకి ఒకరు విప్పి చెప్పాలా? ఇంటిగుట్టు లంకకి చేటని మనకి ఉగ్గుపాలతో పోశారు. మగవాడికి మతి నిలకడగా లేదని నలుగురికీ తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఆడపిల్లకి సంబంధం తప్పుతుంది, పుట్టింటివాళ్ళు చులకన చేస్తారు. అందుకని "ఆయనకి కాస్త తలనొప్పి", "పని ఒత్తిడి" అని సర్దిచెప్పుకుంటూ వస్తాం. తీరా ఇల్లు గడవక సర్కారు సాయం అడగాల్సిన రోజొస్తే? అన్నాళ్ళూ దాచిపెట్టిన నోటితోనే, ముక్కూ మొహం తెలియని అధికారి ముందు అన్నీ చెప్పాలి. ఎన్నిసార్లు అరిచాడు, ఎన్నాళ్ళు స్నానం చెయ్యలేదు, ఏ రోజు చస్తానన్నాడు. దాచడంలో ఎంత గెలిచామో, ఇక్కడ అంత ఓడిపోతాం. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదేం?" అని అడుగుతారు కదా!

రెజియాకి ఎదురైన డాక్టర్లు ఇద్దరు. మొదటివాడు డాక్టర్ హోమ్స్. ఆయన లెక్కలో సెప్టిమస్‌కి ఏ జబ్బూ లేదు. బయటి సంగతులు పట్టించుకో, ఆటపాటలకి వెళ్ళు అంటాడు. పెద్ద డాక్టరుకి చూపిస్తామంటే, గదంతా వెటకారంగా కలయజూసి, డబ్బున్నవాళ్ళయితే అలాగే వెళ్ళండంటాడు. రెండోవాడు సర్ విలియమ్ బ్రాడ్‌షా. హార్లీ స్ట్రీట్ వైద్యుడు, గొప్ప పేరు. ఈయన హోమ్స్‌లాంటి మొద్దు కాదు. రెండు మూడు నిమిషాల్లోనే జబ్బు తీవ్రమైందని గ్రహిస్తాడు. కాని ముప్పావుగంటలో రోగిని భార్య దగ్గర్నించి విడదీసి దూరాన ఆశ్రమానికి పంపే ఏర్పాటు చేసేస్తాడు.

ఆ గదిలో జరిగే సంభాషణ ఒకసారి శ్రద్ధగా చదవండి. యుద్ధంలో బాగా పనిచేశాడా? ఆఫీసువాళ్ళకి మంచి అభిప్రాయం ఉందా? డబ్బు చిక్కులేమైనా ఉన్నాయా? ప్రశ్నలు దరఖాస్తు ఫారంలో గళ్ళలాగా వస్తాయి. సెప్టిమస్ ఏదో ఘోరమైన తప్పు చేశానని చెప్పబోతాడు, తడబడతాడు. ఏం చెప్పాలనుకున్నాడో అతనికే గుర్తురాదు. పక్కనుంచి రెజియా అందుకుని, ఆయన ఏ తప్పూ చెయ్యలేదండీ, యుద్ధంలో మంచి పేరు తెచ్చుకున్నారు, పై హోదా కూడా ఇచ్చారు అని చెబుతుంది. మొగుడి పరువు కాపాడాలన్న ఆరాటం పాపం! ఆ మంచి మాటలే అతని రోగానికి ఎదురు సాక్ష్యం అవుతాయని ఆ పిల్లకేం తెలుసు?

ఈ జబ్బుతో సాయం కోరేవాళ్ళ చిక్కంతా ఊల్ఫ్ ఆ గదిలో పెట్టేసింది. చెప్పలేకపోవడం ఈ జబ్బు లక్షణం. చెప్పడం సాయానికి షరతు. జబ్బు నోరు నొక్కుతుంది, ఫారం నోరు విప్పమంటుంది. చక్కగా పూసగుచ్చినట్టు చెబితే "ఇంత బాగా మాట్లాడుతున్నాడే, జబ్బెక్కడ?" అంటారు. చెప్పలేకపోతే "రుజువేదీ?" అంటారు.

మరో ఘట్టం నాకు ఇంకా ఇష్టం. అదేరోజు సాయంత్రం, ఆఖరి గంటలో సెప్టిమస్ మామూలుగా అయిపోతాడు. రెజియా ఎవరికో టోపీ కుడుతూంటే, రంగుల రిబ్బన్లూ పూలూ తీసుకుని తను దాన్ని ముస్తాబు చేస్తాడు. ఇద్దరూ నవ్వుకుంటారు. ఎన్నాళ్ళకో ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాల నవ్వు. ఆ నిమిషంలో ఏ అధికారో తనిఖీకి వచ్చి ఉంటే ఏమని రాసుకునేవాడు? "మనిషి బాగానే ఉన్నాడు, చేతిపని చేస్తున్నాడు, హాస్యమాడుతున్నాడు" అని. మరో కొద్దిసేపట్లో, అతన్ని తీసుకుపోవడానికి హోమ్స్ మెట్లెక్కి వస్తాడు. రెజియా చేతులు అడ్డంపెట్టి ఆపబోతుంది. ఆమెని పక్కకి నెట్టేస్తాడు. సెప్టిమస్ కిటికీలోంచి దూకేస్తాడు. హోమ్స్ నోట వచ్చే మాట, పిరికివాడని.

మంచి గంట ఉండడం రోగం లేదనడానికి రుజువు కాదు. ఈ సంగతి ఇంట్లో ఉన్న ఆడదానికి తెలిసినంత బాగా కొలతబద్దలకి తెలియదు.

ఇక విందు. బ్రాడ్‌షా దంపతులు క్లారిస్సా ఇంటికి ఆలస్యంగా వస్తారు. ఒక కేసు ఉండిపోయిందండీ అని క్షమాపణ. ఆ కేసు సెప్టిమస్ చావు! అక్కడ బ్రాడ్‌షా, ఎం.పి. గారైన రిచర్డ్ డాలొవేతో రాబోయే ఒక బిల్లు గురించి మాట్లాడతాడు. షెల్ షాక్ ఆలస్యంగా చూపించే ఫలితాల కోసం అందులో ఏదో ఒక నిబంధన ఉండాలంటాడు. ఒక్క మాట. అంతే. మళ్ళీ విందు సాగిపోతుంది.

షెల్ షాక్ అన్న మాట వైద్య పత్రికలో 1915లో చార్లెస్ మయర్స్ వాడాడు. 1917లో బ్రిటిష్ సైన్యం ఆ మాట నోట అనకూడదు, కాగితం మీద రాయకూడదు అని ఉత్తరువు వేసింది. 1921 నాటికి సుమారు 65,000 మంది మాజీ సైనికులు ఇలాంటి నరాల జబ్బుల కింద పింఛను తీసుకుంటున్నారు. జబ్బు యుద్ధం వల్లే వచ్చిందనో, యుద్ధం వల్ల ముదిరిందనో తేలాలి. వైద్య బోర్డు శాతాలు కట్టాలి. మళ్ళీ మళ్ళీ పిలిచి చూడాలి. 1922లో ప్రభుత్వ విచారణ సంఘం కూడా షెల్ షాక్ అనే మాటనే వదిలేయాలంది. మనసు చెదరడం యుద్ధంలోంచి గౌరవంగా తప్పించుకునే దారి కాకూడదని దాని భయం. పారిపోయారనీ పిరికితనం చూపారనీ ఆ యుద్ధంలో తుపాకులకి బలిపెట్టిన సొంత సైనికుల్లో 306 మందికి బ్రిటన్ క్షమాభిక్ష ఇచ్చింది 2006లో. వాళ్ళ పెళ్ళాలెవరూ అది చూడడానికి మిగిలి ఉండరు.

కాబట్టి ఆ బిల్లు మాట ఊల్ఫ్ ఊసుపోక రాయలేదు. మనిషి ప్రాణం మీదికి తెచ్చిన చేత్తోనే డాక్టరుగారు చట్టం గురించి సలహా ఇస్తున్నాడు. వినేది పెద్దమనిషి. చుట్టూ వెండి పళ్ళాలు. ఆ బిల్లులో ఏం రాయాలో నిజంగా తెలిసిన మనిషి ఒక్కతే. ఆమె ఆ గదిలో లేదు. డాక్టర్ హోమ్స్ ఇచ్చిన మత్తుమందు తాగి, అద్దె గదిలో ఉంది.

ఇక్కడే నాకు ఊల్ఫ్‌తో ఒక పేచీ. సెప్టిమస్ చావు వార్త విని క్లారిస్సా పక్కగదిలోకి వెళ్ళి తన బతుకు గురించి ఆలోచించుకుంటుంది. ఆ పుటలు గొప్పవని అందరూ అంటారు, నేనూ అంటాను. సెప్టిమస్ క్లారిస్సాకి జంట నీడ అని ఊల్ఫే 1928లో ముందుమాటలో చెప్పుకుంది. కాని జంట నీడ కుదిరింది క్లారిస్సాకీ సెప్టిమస్‌కీ. రెజియా సంగతో? మర్నాడు మత్తు వదిలి లేచాక ఆ పిల్ల ఎక్కడికి వెళుతుంది? అద్దె ఎవరు కడతారు? సాక్షిని నిద్రపుచ్చి రచయిత్రి విందుకి వెళ్ళిపోయింది. నవల అర్జీ కాదు కదా అని మీరనవచ్చు. నిజమే. కాని బిల్లు మాట ఎత్తిన నవలని భృతి మాట అడగడం అన్యాయమా?

ఆ అడిగే మనిషే లేకపోతే ఏమవుతుందో టోనీ మారిసన్ 'సూలా'లో చూపించింది. ఇది 1973 నవల. షాడ్రాక్ నల్లజాతి కుర్రవాడు. 1917లో ఫ్రాన్సు యుద్ధభూమిలో పక్కనున్న సైనికుడి తల ఎగిరిపోవడం చూస్తాడు. ఆసుపత్రిలో తన చేతులు తనకే రాక్షసుల్లా పెరిగిపోతున్నట్టు కనబడతాయి. ఆసుపత్రిలో చోటు చాలదని అతన్ని పంపించేస్తారు. చేతిలో 217 డాలర్లు, ఒక జత బట్టలు, కొన్ని సర్కారు కాగితాలు. రోడ్డు మీద నడవలేక కూలబడితే తాగుబోతనుకుని జైల్లో పెడతారు. ఆ కాగితాలు చూసి షెరీఫ్ అతన్ని సొంత ఊరికి పంపుతాడు. అంతవరకే వాటి ఉపయోగం. ఊరు అతన్ని పిచ్చివాడిగా భరిస్తుంది, అతను చేపలు అమ్ముకుని బతుకుతాడు. పక్కన రెజియా లేని సెప్టిమస్ ఇతను. ఇతని పక్షాన ఎవరూ ఏ గుమ్మమూ తొక్కలేదు.

ఆ తరవాత కాలం మారలేదని అనను. అమెరికాలో మాజీ సైనికులకి ఈ జబ్బు కింద భృతి వస్తుంది. సున్నా, పది, ముప్ఫై, యాభై, డెబ్భై, నూరు అని శాతాలు కడతారు. ఫలానా రోజు ఫలానా ఘోరం చూశానని విడిగా రుజువు తెమ్మనే షరతుని, శత్రుదాడి భయంలో పనిచేసినవాళ్ళకి 2010లో సడలించారు. యుద్ధం చూసినవాడి దగ్గర యుద్ధం జరిగిందని రసీదు అడగకూడదని తెలియడానికి, జబ్బుకి పేరు పెట్టాక కూడా ముప్ఫై ఏళ్ళు పట్టింది.

మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం మానసిక వ్యాధిని కూడా వైకల్యాల జాబితాలో చేర్చింది. 40 శాతం తేలితే సాయానికి అర్హత. మానసిక వ్యాధికి కొలత 'ఐడియాస్' అనే పట్టిక. తన పని తాను చేసుకోవడం, నలుగురితో మసలడం, మాటా అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని అని నాలుగు అంశాలు, వాటికి తోడు జబ్బు ఎన్నాళ్ళనించి ఉందన్న లెక్క. మన రెండు రాష్ట్రాల్లోనూ జనానికి తెలిసిన పేరు సదరం సర్టిఫికెట్టు. వికలాంగుల పింఛను తెలంగాణలో 2023లో 4,016 రూపాయలయింది, ఆంధ్రప్రదేశ్‌లో 2024లో 6,000 అయింది. ఇంటద్దెకో మందులకో ఆసరా అయ్యే డబ్బు, ఆషామాషీ కాదు. కాని సదరం క్యాంపు వరసలో చెయ్యి లేనివాడి పక్కన నించున్న ఆ బెదిరిన మనిషిని చూసి, "వీడికేమైంది, నిక్షేపంలా ఉన్నాడు" అనే కిట్టీలు ఆ వరసలోనే నలుగురుంటారు. ఆ బెదిరిన మనిషి యుద్ధం చూసినవాడే కానక్కర్లేదు. లారీ కింద పడి బతికినవాడు కావచ్చు, ఉప్పెనలో బిడ్డ చెయ్యి జారిపోయిన తల్లి కావచ్చు, కట్టుకున్నవాడి చేతిలో చావు తప్పించుకున్న ఇల్లాలు కావచ్చు. రోగి ఆడదైతే మరీ కష్టం. ఆవిడకి సాక్షిగా వచ్చేదెవరు?

అందుకే ఈ నవలలు మన ఆడవాళ్ళు చదవాలంటాను. కన్నీళ్ళు పెట్టుకోవడానికి కాదు. పట్టికలో గడికి నాలుగు మార్కులు ఉంటాయి. టోపీకి పూలు పెట్టిన ఆ సాయంత్రం ఏ గడిలోనూ పట్టదు, తరవాత కిటికీ దగ్గర జరిగిందీ పట్టదు. రెండూ ఒకే మనిషివి, ఒకే గంటలోవి అని చెప్పగలిగింది నవల. ఇంట్లో చెప్పగలిగేది మనం.

పాలవాడి లెక్క నెలంతా రాసుకునే చేతులు మనవి. ఆ పుస్తకంలోనే ఒక పక్కన, ఏ రాత్రి నిద్రలేదు, ఏ చప్పుడికి బెదిరారు, ఏ పని మొదలుపెట్టి వదిలేశారు అని తేదీ వేసి రాసుకుంటే తప్పేముంది? మంచి రోజులు కూడా రాయండి, దాచొద్దు. డాక్టరు అడిగినప్పుడు పరువు కోసం "బానే ఉన్నారండీ" అనకండి. ఇంటిగుట్టు కాపాడడం వేరు, ఇంట్లో మనిషికి అన్యాయం జరుగుతూంటే నోరు మూసుకోవడం వేరు. రెజియా చేతులడ్డం పెట్టింది, పాపం, కాని అప్పటికి ఆలస్యమైంది. ఆ పిల్ల నోటి మాట ముందే ఎవరైనా విని కాగితం మీద పెట్టి ఉంటే ఆ కిటికీ తెరుచుకునేదే కాదేమో. ఏమంటారు?